వెనక తలుపు మర్యాద

"నువ్వన్న మాట మళ్ళీ అను," అంది ఇన్‌స్పెక్టర్ సవేత బుజోర్. "వెతూరియా గారితో ఎలా అన్నావో అలాగే. నా కోసం మెత్తబరచకు."

ఒటీలియా తల దించుకుంది. కొనడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మొహానికి రంగులు వేసి చూపించే ఎత్తు కుర్చీలో ఇప్పుడు తనే కూర్చుని ఉంది. ఎదురుగా అద్దం, అద్దం చుట్టూ బల్బులు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం ఆ వెలుగులో ఎటు తిప్పినా దాగడం లేదు.

"'నీ మొహానికి ఏం రాస్తే మాత్రం బాగుపడుతుంది, అది ఎప్పుడో కుళ్ళిపోయింది' అన్నాను."

"ఎవరెవరు విన్నారు?"

"షాపులో ఉన్నవాళ్ళందరూ. గట్టిగానే అన్నాను మేడమ్. గట్టిగా అనడమే మా పని."

"అదేం పని?"

"ఎవరైనా సరుకు వాపసు తెస్తే గొంతు పెంచాలి. మా అగ్లయా మేడమ్ రూలు అది. పక్కవాళ్ళు తిరిగి చూసేదాకా అరవండి, సిగ్గుపడి వాళ్ళే పోతారు అంటుంది. ఉద్యోగంలో చేరగానే మొదట నేర్పేది అదే. మంచి కోటు వేసుకుని వచ్చినవాళ్ళకి కాఫీ, పాత బూట్లతో వచ్చినవాళ్ళకి గొంతు."

సవేత తన బూట్ల వంక చూసుకుంది. రెండేళ్ళ క్రితం ఇదే షాపులో పౌడర్ ధర అడిగితే, "అది మీకు అందదు లెండి" అని చెప్పి పక్కావిడ వైపు తిరిగిన పిల్ల గుర్తొచ్చింది. అప్పుడు ఒళ్ళు మండి బయటికి నడిచింది. ఆ పిల్లకి అలా అనమని ఎవరో నేర్పి ఉంటారన్న ఊహ మాత్రం ఆ రోజు రాలేదు.

సెంటు సీసాల బీరువాకి ఆనుకుని నువ్వుల కొవ్రిగ్ రొట్టె నములుతున్న లివియు చెర్నాత్ చేతులు దులుపుకున్నాడు. నువ్వులన్నీ గాజు మీద రాలాయి. అతనూ ఇన్‌స్పెక్టరే. వయసులో సవేత కంటే పదేళ్ళు చిన్న, పై ఆఫీసులో పలుకుబడిలో ఇరవై ఏళ్ళు పెద్ద.

"విన్నావుగా అక్కయ్యా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. "మొన్న సాయంత్రం అందరి ముందూ తిట్టింది. చీకటి పడ్డాక బస్‌స్టాప్ దాకా వెంటపడి వెళ్ళి, బిల్లు లేకుండా ఒక క్రీము చేతిలో పెట్టింది. ఆ ముసలావిడ పడుకునే ముందు రాసుకుంది. క్రీములో సబ్బు కాసే సోడా కలిసి ఉందని ల్యాబ్ చెప్పింది. ఈ పిల్ల ఇంట్లో సోడా డబ్బా దొరికింది. ప్రాసిక్యూటర్ సంతకం పెట్టిన కాగితం దారిలో ఉంది. రాగానే బేడీలు వేసి తీసుకుపోతాను."

"సోడా డబ్బా ఈ ఊళ్ళో ఎవరింట్లో లేదు లివియు? పంది కొవ్వు మిగిలితే సబ్బు కాయని ఇల్లు చూపించు. మీ అమ్మగారు కాయరా?"

"మా అమ్మని ఇందులోకి లాగకు. పాపం ఇవాళ ఆవిడకి కంటి శుక్లాల ఆపరేషన్. ఈ తలనొప్పి వదిలించుకుని నేను ఆసుపత్రికి పోవాలి."

"అమ్మగారికి అంతా మంచే జరుగుతుంది లివియు గారూ," అని గల్లాపెట్టె వెనక నుంచి తేనె కారే గొంతుతో అంది షాపు యజమానురాలు అగ్లయా స్తవ్రి. "జెనోవియా డాక్టరమ్మ చెయ్యి మంచిది."

ఆపరేషన్ సంగతి ఈవిడకెలా తెలుసు? నిన్న లివియు కారు వెనక సీట్లో ఈ షాపు ఊదారంగు సంచి ఒకటి సవేత కంటబడింది. చూసీ ఊరుకుంది. ఈ దేశంలో ఎవరో ఒకరికి ఏదో ఒక 'చిన్న మర్యాద' ముట్టని రోజు ఉండదు, ఎన్నని పట్టించుకుంటుంది?

జెనోవియా డాక్టరమ్మ పేరు వినగానే సవేతకి గుర్తొచ్చింది మాత్రం వెతూరియా మోకాన్. ఆ పాటల టీచరు చెంపల మీద చర్మం లేదిప్పుడు. కుడి కన్ను పోయినట్టే. ఎడమ కన్ను నిలబెట్టగల మనిషి ఆ ఆసుపత్రిలో ఒక్క జెనోవియాయే, కళ్ళ డాక్టరు ఇంకొకరు లేరు. మొన్న రాత్రి నుంచి ఆవిడ ఇంటికి పోకుండా వెతూరియా మంచం దగ్గరే ఉంది. ఇవాళ మధ్యాహ్నం ఆ కంటికి ఆపరేషన్ చెయ్యాలి.

సవేత కుర్చీ లాక్కుని ఒటీలియాకి ఎదురుగా కూర్చుంది.

"అంత తిట్టినదానివి, వెంటపడి క్రీము ఎందుకిచ్చావు?"

"ఆవిడ మా బడిలో పాటలు నేర్పింది మేడమ్. అరుస్తుంటే నన్ను గుర్తుపట్టింది. 'ఒటీలియా, నువ్వా తల్లీ' అంది. మేడమ్ నా వెనకే నిలబడి ఉంది. నేను ఇంకా గట్టిగా అరిచాను." చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది. "ఆవిడ తెచ్చిన క్రీము నిజంగానే మురిగిన నూనె కంపు కొడుతోంది. ఆవిడ తప్పేం లేదు. మేడమ్ ఇంటికి వెళ్ళాక ఇంకోటి తీసుకుని పరిగెత్తాను. క్షమించమని అడిగాను. నా తల నిమిరింది."

"చూశావా, ఏడుపు కూడా బాగా నేర్చుకుంది," అన్నాడు లివియు.

"నువ్వాగు. ఒటీలియా, ఏ అరలోంచి తీశావు?"

అగ్లయా దగ్గింది. పిల్ల గల్లాపెట్టె వైపు చూసి, సవేత వైపు తిరిగింది.

"అరలోంచి కాదు. అరల్లోవి బిల్లు మిషన్లో ఎక్కి ఉంటాయి, ఒకటి తగ్గినా తెలిసిపోతుంది. నా జీతంలో కోస్తారు. వెనక గదిలో బుట్ట ఉంటుంది. అందులోవి ఎక్కడా ఎక్కవు. అందుకని..."

"అబద్ధం!" అగ్లయా గొంతులో తేనె ఇంకిపోయింది. "బుట్టా లేదు, గిట్టా లేదు. తిండి పెట్టినందుకు నా మీదే పడుతోంది!"

సవేత ఆమెని పట్టించుకోలేదు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్బుల వెలుగులో పెట్టింది. కవరులో వెతూరియా ఇంట్లో దొరికిన క్రీము అట్టపెట్టె ఉంది. రాత్రంతా దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఒక మూల బంగారు రంగు అచ్చు సన్నగా, పొడుగ్గా లేచిపోయి ఉంది. టేపు లాగితే ఊడినట్టు. ఆ గీతకి అంటుకుని గోరంత దారం పోగు ఉంది. సగం ఎరుపు, సగం తెలుపు.

"లివియు, ఇదేంటో చెప్పు."

"దారం."

"ఏ దారం?"

"మార్చి దారం. చిన్నపిల్లలకి కూడా తెలుసు. నెల మొదట్లో ఆడవాళ్ళకి ఏ కానుక ఇచ్చినా కడతాం. ఎనిమిదో తారీకు మహిళా దినం దాకా ఊరంతా ఇదే. దానికేం?"

"తన కోసం తను కొనుక్కునే క్రీముకి ఎవడైనా మార్చి దారం కడతాడా? ఒటీలియా, నువ్వు కట్టావా?"

"లేదు మేడమ్. కాగితం కూడా చుట్టలేదు. అలాగే ఇచ్చాను."

"అంటే ఈ పెట్టె వెతూరియా చేతికి రాకముందే ఇంకెవరికో కానుకగా వెళ్ళింది. కాగితం చుట్టారు, దారం కట్టారు, ఇచ్చారు. పుచ్చుకున్నవాళ్ళు విప్పారు. విప్పిన సరుకు తిరిగి ఈ షాపులోకి ఎలా వచ్చింది? ఇక్కడ వాపసు తీసుకోరుగా. వాపసు అంటే అరుస్తారుగా." లేచి నిలబడింది. "వెనక గది తలుపు తియ్యి అగ్లయా."

"వారంటు చూపించండి!"

"అక్కయ్యా, అనవసరంగా..." అని లివియు అడ్డొచ్చాడు.

"నేరానికి వాడిన వస్తువు ఆ గదిలోంచి వచ్చిందని సాక్షి ఇప్పుడే చెప్పింది. నువ్వూ విన్నావు. పక్కకి జరుగు."

అతను జరగలేదు. భుజంతో నెట్టి వెళ్ళింది. వెనక తాళాల గుత్తి చప్పుడు చేసుకుంటూ అగ్లయా పరిగెత్తుకు వచ్చి తలుపు తీసింది, ఆమె వెనకే లివియు.

గదిలో ముందు తగిలింది వాసన. పది రకాల సెంట్లూ, వాటి కింద పాతబడ్డ కొవ్వు కంపూ. సవేత ముక్కు మూసుకోలేదు. ఇలాంటి చోట్ల ముక్కు కూడా పోలీసే.

బల్ల మీద జుట్టు ఆరబెట్టుకునే యంత్రం ఉంది. దాని పక్కన సన్నని పారదర్శక కాగితం చుట్ట. విప్పిన పెట్టెకి ఆ కాగితం చుట్టి వేడిగాలి పెడితే బిగుసుకుంటుంది, కంపెనీ నుంచి అప్పుడే దిగినట్టు కనిపిస్తుంది. బల్ల కింద చెత్తబుట్ట నిండా చింపిన పూలకాగితాలు, రిబ్బన్లు, గుప్పెళ్ళకి గుప్పెళ్ళు ఎరుపు తెలుపు దారాలు. ఒక పళ్ళెంలో మూతలు తీసిన క్రీము డబ్బాలు వరసగా ఉన్నాయి. కొన్ని నిండుగా, కొన్ని సగం. ఒక డబ్బాలో ఎవరిదో వేలు గీత అలాగే ఉంది. ఇంకోదాంట్లో కనుబొమ్మ వెంట్రుక. పక్కనే వెన్న రాసే కత్తి, అంచున మూడు రంగుల క్రీము ఎండిపోయి ఉంది.

సవేత అగ్లయా వైపు తిరిగింది.

"సగం వాడినవాటిని ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నింపుతున్నావా?"

"పారేస్తే పాపం కాదూ?" అంది అగ్లయా. "అంత ఖరీదైన సరుకు!"

"ఇవి రాసుకునేవాళ్ళు మనుషులు కారూ?"

"చచ్చారా ఎవరైనా? ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరు చచ్చారా?"

ఇంకొక మాట మాట్లాడితే ఆ కత్తి తీసి ఈమె మొహానికే పూస్తానేమో అని సవేతకి తన మీద తనకే భయం వేసింది. అంతలో వెనక వీధి వైపు తలుపు గంట మోగింది. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా.

అగ్లయా మొహం సున్నం కొట్టినట్టయింది. సవేత వేలు పెదాల మీద పెట్టుకుని, తనే వెళ్ళి గడియ తీసింది.

గుమ్మంలో బొచ్చు కాలరు కోటు వేసుకున్న ఒక పొడుగాటి స్త్రీ, రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులు. ఎవరు తలుపు తీశారో చూడకుండానే లోపలికి వచ్చేసింది.

"అగ్లయా, ఇవాళ ఇవే. మా ఆయన ఈ వారం పొట్ట ఆపరేషన్లు తక్కువ చేశాడు. రెండు సెంట్లు మాత్రం మంచివి, వాటికి సగం ధర ఇస్తే కుదరదు, ముందే చెబుతున్నా... ఎవరు మీరు? కొత్త పనిమనిషా?"

"పోలీసు," అంది సవేత. "సర్జన్ హాజియు గారి భార్య కదూ మీరు? స్మరాండా గారు."

స్మరాండా సంచులు కింద పెట్టింది. బెదరలేదు. అంతస్తు ఉన్నవాళ్ళకి తొందరగా బెదరడం రాదు.

"అయితే ఏం? రోగులు ప్రేమతో ఇచ్చేవి. మేం అడగం. ఇంట్లో పెట్టుకోవడానికి చోటుండాలిగా? నాకు మొహం ఒక్కటే ఉంది, ఎన్ని రాసుకోను?"

"ప్రేమతో!" సవేత నవ్వింది, ఆ నవ్వు బాగాలేదు. "పొట్ట కొయ్యక ముందే ప్రేమ. పెన్షన్ డబ్బుల్లోంచి ప్రేమ. ఈ ముందు తలుపులోంచి వాళ్ళు కొంటారు, మీ ఆయన బల్ల మీద పెడతారు, మీరు ఈ వెనక తలుపులోంచి తెస్తారు. మళ్ళీ అదే డబ్బా ఇంకో రోగి కొంటాడు. ఒక్కో క్రీము ఎన్నిసార్లు మీ ఇంటికి వచ్చిందో మీకైనా తెలుసా?"

"మర్యాదగా మాట్లాడండి."

"మర్యాద గురించే మాట్లాడుతున్నాను. ఈ పెట్టె గుర్తుందా?" అని కవరు మొహం ముందు పెట్టింది.

స్మరాండా కళ్ళు చికిలించి చూసింది. "రాత్రి క్రీము. ఉంది. పోయిన వారం తెచ్చాను. మార్చి దారం ఏడు ముళ్ళు వేసి కట్టారు ఎవరో, విప్పలేక గోరు విరిగింది. పైన సీలు కూడా తెగి ఉంది. వాడినదేమో అని అసహ్యం వేసి, నేను ముట్టుకోలేదు."

"మీరు ముట్టుకోనిది ఒక టీచరు రాసుకుంది. అందులో సోడా ఉంది. ఆవిడ కన్ను పోయింది."

బొచ్చు కాలరు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. ఈసారి బెదిరింది.

"అది నా కోసం..."

"మీ మొహం కోసం. ఇచ్చినవాడు మీరు రాసుకుంటారనే అనుకున్నాడు. మీ వెనక తలుపు వ్యాపారం పాపం వాడికి తెలియదు. ఎవరిచ్చారు?"

"నాకేం తెలుసు? రోజూ ఇన్ని వస్తాయి. ఎవరిచ్చారో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"పగబట్టినవాడి పేరు కూడా గుర్తులేదన్నమాట," అంది సవేత. "వాడికి మాత్రం మీ పేరు బాగా గుర్తుంది. ఇంటికి ఒంటరిగా వెళ్ళకండి."

సవేత అగ్లయా వైపు తిరిగింది. "సీలు తెగిందని నువ్వు చూడలేదా?"

"చూశాను. డాక్టరు గారింటి సరుకు కదా అని... కొత్త కాగితం చుట్టి వేడిగాలి పెట్టాను."

ముందు గదిలో ఒటీలియా వెక్కిళ్ళు వినిపించాయి. తెరిచిన తలుపులోంచి అంతా విన్నది. తను చేసిన ఒకే ఒక్క మంచి పనిలోకి ఈ విషం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"సరే," అన్నాడు లివియు. మొహం మాడ్చుకున్నాడు గాని మాట తగ్గించలేదు. "నీ పిల్ల బయటపడింది. సంతోషమా? విషం పెట్టినవాడెవడో మధ్యాహ్నం కనుక్కుందాం. నాకు టైమవుతోంది."

"ఒక్క నిమిషం," అంది స్మరాండా నెమ్మదిగా. "దాని జత ఏది?"

"ఏ జత?"

"అవి రెండు డబ్బాలు. ఒకే దారంతో కట్టి ఇచ్చారు. పెద్దది రాత్రి క్రీము. చిన్నది కళ్ళ కింద రాసుకునేది. రెండింటికీ సీలు తెగే ఉంది. నేను రెండూ అగ్లయాకే ఇచ్చాను."

ఒటీలియా చెప్పిన బుట్టని సవేత మూల నుంచి లాగి బోర్లించింది. పెట్టెలన్నీ నేల మీద పడ్డాయి. వాటిలో చిన్నది లేదు. అగ్లయా గోడకి ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా ఉండాలని శతవిధాలా ప్రయత్నిస్తోంది. ఆ కళ్ళు మాత్రం మాట వినలేదు, వెళ్ళి లివియు మీద వాలాయి.

"నిన్న ఆ ఊదా సంచిలో ఏం పుచ్చుకున్నావు లివియు?" అంది సవేత.

"ఏదో... చిన్న మర్యాద. మా ఆవిడకి. నేను విప్పి కూడా చూడలేదు." అతని మొహంలో రంగు పోయింది. "అగ్లయా! అందులో ఏం పెట్టావు?"

"కళ్ళ క్రీము," అంది అగ్లయా, వినపడీ వినపడనట్టు. "ఖరీదైనదని పెట్టాను. కేసు తొందరగా ముగిస్తారని..."

అతని చేతిలోంచి ఫోను జారింది. సవేత అందుకుని, అతను చెప్పిన నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. లివియు పళ్ళ సందున ఏదో ప్రార్థన గొణుగుతున్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని అలా చూడలేదు, అయినా ఆమెకి జాలి వెంటనే రాలేదు.

"ఏమండీ!" హుషారుగా పలికింది లివియు భార్య పౌలినా. "ఎక్కడున్నారు? అత్తయ్యకి చుక్కలు వేశారు, మీ కోసమే చూస్తోంది."

"పౌలినా, నిన్న నేనిచ్చిన సంచి... ఆ చిన్న డబ్బా రాసుకున్నావా?"

"నేనా? భలేవారే, అంత మంచిది నాకెందుకు?"

లివియు కూలబడ్డాడు. ఊపిరి వదిలి, రెండు చేతుల్తో మొహం తుడుచుకున్నాడు. "దేవుడు చల్లగా చూశాడు," అన్నాడు. "పారెయ్, వెంటనే పారెయ్."

"పారెయ్యడమేంటండీ, ఇచ్చేశాగా. అత్తయ్య కళ్ళు కోయించుకోవడానికి ఒట్టి చేతులతో వస్తామా? పొద్దున్నే కొత్త కాగితం చుట్టి జెనోవియా డాక్టరమ్మ చేతిలో పెట్టాను. పాపం, ఆ కాలిన టీచరు కోసం రెండు రాత్రులు నిద్ర లేదట, కళ్ళు ఇంతింత వాచి ఉన్నాయి. వాటి చుట్టూ రాసుకోండి, చల్లగా ఉంటుంది అని నేనే చెప్పాను. ఎంత సంతోషించిందో!"

మధ్యాహ్నం వెతూరియా కంటిని నిలబెట్టాల్సిన మనిషి, ఆసుపత్రి మొత్తానికి ఒక్కగానొక్క కళ్ళ డాక్టరు, ఆమె చేతిలో ఆ డబ్బా.

"పౌలినా, నేను సవేతని," అందామె ఫోను దగ్గరకి తీసుకుని. "డాక్టరమ్మ ఇప్పుడు ఎక్కడుంది?"

"సవేతక్కా? ఇదిగో, ఎదురుగా గదిలోనే. మొహం కడుక్కుని వస్తానంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోందిగా."

"వెళ్ళి తలుపు కొట్టు. ఆ క్రీము ముట్టుకోవద్దని కేకెయ్యి. దాంట్లో విషముంది. పరిగెత్తు!"

కుర్చీ పడిపోయిన చప్పుడు. చెప్పుల పరుగు. అరచేతులతో తలుపు బాదుతున్న మోత. "డాక్టరమ్మా! డాక్టరమ్మా!" ఆ అరుపు షాపు ముందు గది దాకా వినిపించింది. ఒటీలియా కుర్చీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లోపల గడియ పెట్టి ఉందక్కా," అంది పౌలినా, ఏడుపు గొంతుతో. "పలకడం లేదు. నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది."